బంగారం కంటే పైన: కాలిన చేతితో రాగిరేకులు చెక్కిన హెండ్రిక్ గోల్ట్సియస్



పోయిన నెల ఏడో తరగతి ఇంగ్లిష్ క్లాసులో ఆనర్, ప్రైడ్ అనే రెండు మాటల దగ్గర ఆగిపోయాం. తేడా ఏమిటని అడిగితే సగం క్లాసు రెండూ ఒకటే అంది. తెలుగులో చెప్పుకుంటే తేలిపోతుందని గౌరవం, గర్వం అని బోర్డు మీద రాశాను. ఒక అమ్మాయి లేచింది. తనకు మంచి ర్యాంకు వస్తే నాన్న గర్వంగా ఉందని చుట్టాలందరికీ ఫోన్ చేసి చెబుతాడట. అదే ర్యాంకు గురించి తను చెప్పుకుంటే గర్వం తలకెక్కిందని అమ్మ కోప్పడుతుందట. ఇంతకీ గర్వం మంచిదా చెడ్డదా అని అడిగింది. బీఈడీలో ఇలాంటి ప్రశ్నకు లెసన్ ప్లాన్ రాయడం మాకు ఎవరూ నేర్పలేదు. రేపు చెబుతానని తప్పించుకున్నాను.

మర్నాడు స్మార్ట్ బోర్డు మీద కొన్ని పాత బొమ్మలు చూపించాను. నాలుగు వందల ఏళ్ళకు పైబడినవి, యూరప్‌లో రాగిరేకుల మీద చెక్కి అచ్చు వేసినవి. ఆ రోజుల్లో అక్కడి చిత్రకారులకు ఒక అలవాటు ఉండేది. గౌరవం, గర్వం, శ్రద్ధ, బద్ధకం లాంటి కంటికి కనబడని గుణాలను మనుషుల రూపంలో గీసేవాళ్ళు. భాగవతంలో ధర్మదేవత ఒంటికాలి మీద నిలబడ్డ ఎద్దుగా కనిపిస్తుంది కదా, అలాంటిదే. బ్రూగెల్ అనే ఆయన గీసిన బొమ్మ ఆధారంగా 1558లో ఆంట్‌వెర్ప్ నగరంలో అచ్చయిన చిత్రంలో గర్వం ఒక ఆడమనిషి. ఖరీదైన బట్టలు కట్టుకుని అద్దంలో తన మొహం తానే చూసుకుంటూ ఉంటుంది. పక్కన నెమలి. మనకు నెమలి కుమారస్వామి వాహనం, జాతీయ పక్షి. వాళ్ళకు మాత్రం గర్వానికి గుర్తు. పిల్లలు దీని మీద చాలాసేపు పోట్లాడుకున్నారు, నెమలి తరఫున.

గౌరవం బొమ్మ అంత సులువుగా అర్థం కాదు. తలకు లారెల్ ఆకుల కిరీటం పెట్టడం మామూలు. దాని వెనక రోమన్ల నాటి ఒక కథ ఉంది. మార్సెల్లస్ అనే సేనాని సద్గుణానికీ గౌరవానికీ రెండు గుడులు కట్టించాడనీ, సద్గుణం గుడిలోంచి నడిస్తే తప్ప గౌరవం గుడిలోకి దారి లేదనీ చెప్పుకునేవారు. గర్వానికి ఒక అద్దం చాలు. గౌరవానికి మాత్రం ముందు ఇంకో గుమ్మం దాటాలి. క్లాసులో ఇంతవరకే చెప్పాను. ఆ బొమ్మలు వెతుకుతున్నప్పుడు దొరికిన ఒక మనిషి జీవితాన్ని మాత్రం మీకు చెప్పాలనిపించింది.

గర్వం బొమ్మ అచ్చయిన ఆ 1558లోనే, ఇప్పటి జర్మనీలో డచ్ సరిహద్దుకు దగ్గరగా ఉన్న బ్రాఖ్ట్ అనే ఊళ్ళో హెండ్రిక్ గోల్ట్సియస్ పుట్టాడు. తండ్రి గాజు పలకల మీద రంగులు వేసే పనివాడు. హెండ్రిక్ తప్పటడుగులు వేసే వయసులోనే నిప్పుల్లో పడ్డాడు. రెండు చేతులూ కాలాయి, కుడి చెయ్యి ఎక్కువగా. తల్లి మందు రాసి, వేళ్ళు వంకరపోకుండా బద్దలు కట్టింది. ఈలోగా పక్కింటావిడ ఒకరు వచ్చి, తనకు ఇంకా బాగా తెలుసని ఆ బద్దలు విప్పేసి, చెయ్యంతా ఒక గుడ్డలో చుట్టేసింది. కాలిన నరాలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ ఆయన కుడి అరచెయ్యి పూర్తిగా తెరుచుకోలేదు. ఈ సంగతి రాసిపెట్టింది ఆయన స్నేహితుడు, చిత్రకారుడు కారెల్ వాన్ మాండర్. చిత్రకారుల జీవితాల మీద వాన్ మాండర్ పుస్తకం 1604లో, గోల్ట్సియస్ బతికి ఉండగానే అచ్చయింది. ఆ పక్కింటావిడ పేరు అందులో ఎక్కలేదు. సలహాలిచ్చే పక్కింటివాళ్ళు అన్ని దేశాల్లోనూ అన్ని కాలాల్లోనూ ఉంటారు కాబట్టి పేరు అవసరం లేదేమో.

పిల్లవాడు గోడల నిండా బొమ్మలు గీసేవాడు. మన ఇళ్ళలో అయితే అద్దె ఇంటి గోడలని వీపు మీద రెండు పడేవి. తండ్రి తన పనే నేర్పాడు. పదహారు పదిహేడేళ్ళ వయసులో హెండ్రిక్ కోర్న్‌హెర్ట్ అనే ఆయన దగ్గర రాగిరేకు చెక్కడం నేర్చుకోవడానికి చేరాడు. ఈ గురువు మామూలు పనివాడు కాడు. పండితుడు, రచయిత, తన అభిప్రాయాల వల్ల దేశం వదిలిపెట్టి బతుకుతున్నవాడు. మనిషి ఎలా నడుచుకోవాలి అనే విషయం మీద తర్వాత 1586లో లాటిన్‌లో కాకుండా మామూలు జనం మాట్లాడే డచ్ భాషలో ఒక పుస్తకమే రాశాడు. గుణాలను మనుషులుగా గీసే బొమ్మలంటే ఆయనకు ప్రాణం. శిష్యుడికి చేతిపనితో పాటు అదీ అబ్బింది.

రాగిరేకు పని గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే ఈ కథలో అసలు రుచి తెలియదు. పెళ్ళిళ్ళకూ గృహప్రవేశాలకూ ఇచ్చే స్టీలు గిన్నెల మీద షాపువాడు చిన్న మెషీన్‌తో పేర్లు చెక్కి ఇస్తాడు కదా. ఇక్కడ మెషీన్ ఉండదు. బ్యూరిన్ అనే పదునైన ఉక్కు పనిముట్టు ఉంటుంది. దాని వెనక గుండ్రటి చెక్కపిడి అరచేతిలో ఇమిడిపోతుంది. పనివాడు దాన్ని ముందుకు తోస్తూ, ఇంకో చేత్తో రేకును తిప్పుతూ గీత చెక్కుతాడు. లోతుగా తోస్తే గీత లావు, తేలిగ్గా తోస్తే సన్నం. తప్పు పడితే దిద్దడం చాలా కష్టం. అచ్చులో కుడి ఎడమవుతుంది కాబట్టి అక్షరాలు తిరగేసి చెక్కాలి. తర్వాత గీతల్లోకి సిరా దట్టించి, పైన తుడిచి, తడి కాగితం పరిచి, బరువైన రోలర్ల మధ్య నొక్కితే బొమ్మ వస్తుంది. ఒక్క రేకు నుంచి వందల ప్రతులు తీయవచ్చు. రంగుల చిత్రం ఒక రాజు గోడ మీద ఆగిపోతే, అచ్చుబొమ్మ సంతలో అమ్ముడై దేశాలు తిరుగుతుంది.

తెరుచుకోని ఆ అరచెయ్యి బ్యూరిన్ పిడిని గట్టిగా పట్టుకోవడానికి సరిగ్గా సరిపోయిందని ఇప్పటి పండితులు చాలామంది అంటారు. వేళ్ళు కదలకపోవడంతో మోచెయ్యి, భుజం మొత్తం కదిపి గీయడం అలవాటైందట. ఆయన గీతలు సన్నగా మొదలై, ఉబ్బి, మళ్ళీ సన్నబడి సాగే తీరు అంతకుముందు ఎవరికీ అంతగా పట్టుబడలేదు. ఇక్కడ నేను కాస్త జాగ్రత్తగా ఉంటాను. దెబ్బ తగలడం వల్లే గొప్పవాడయ్యాడని పిల్లలకు చెప్పడం నాకు ఇష్టం లేదు. అలాంటి చేతులతో ఏమీ చెయ్యలేకపోయినవాళ్ళు ఎంతమందో. ఆయన రోజూ కూర్చుని చెక్కాడు, అంతే.

1577లో గురువు వెంట డచ్ నగరం హార్లెంకు వచ్చాడు. అప్పటికి నాలుగేళ్ళ క్రితమే స్పెయిన్ సైన్యం ఆ ఊరిని నెలల తరబడి ముట్టడించి లొంగదీసుకుంది. ఆ తర్వాత 1576లో పెద్ద అగ్నిప్రమాదం. అలా దెబ్బతిన్న ఊళ్ళో పని మొదలుపెట్టాడు. 1579లో ఒక వితంతువును పెళ్ళి చేసుకున్నాడు. ఆమె కొడుకు జేకబ్ మాథమ్ ఆయన దగ్గరే పని నేర్చుకుని పేరున్న చెక్కడంపనివాడయ్యాడు. మొదట్లో ఆంట్‌వెర్ప్ ప్రచురణకర్తలకు రేకులు చెక్కి ఇచ్చేవాడు. 1582 నుంచి తన బొమ్మలు తానే అచ్చువేసి అమ్మడం మొదలుపెట్టాడు. ఆ ఏడాదే ఒక వరస బొమ్మలు వేశాడు. ముందు శ్రమ, శ్రద్ధ జంటగా వస్తాయి. తర్వాత కళ, అభ్యాసం. ఆ తర్వాతే గౌరవం, సంపద. కొత్తగా సొంత వ్యాపారం పెట్టిన ఇరవై నాలుగేళ్ళ కుర్రాడికి ఆ వరస తన సొంత ప్రణాళికలాగే ఉండి ఉంటుందని నాకు అనిపిస్తుంది.

1586లో రోమన్ వీరుల బొమ్మలు చెక్కి చక్రవర్తి రెండో రుడాల్ఫ్‌కు అంకితమిచ్చాడు. అందులో ఒకడు మ్యూసియస్ స్కేవొలా. శత్రురాజును చంపబోయి పట్టుబడి, రోమన్లు దేనికీ భయపడరని చూపించడానికి తన కుడి చేతిని తానే నిప్పుల్లో పెట్టి కాల్చుకున్న వీరుడు. కుడి చెయ్యి పోయాక అతనికి ఎడమచేతివాటం వాడు అనే అర్థం వచ్చే పేరే మిగిలిపోయింది, పైగా అది గౌరవంగా. నిప్పుల్లో కాలిన కుడి చెయ్యితోనే ఆ బొమ్మ చెక్కిన మనిషి ఏమనుకుని ఉంటాడో ఎక్కడా రాసి లేదు.

రెండేళ్ళ తర్వాత, 1588లో, దీనికి పూర్తిగా ఎదురుగా నిలిచే నాలుగు గుండ్రటి బొమ్మలు చెక్కాడు. హార్లెంలోనే ఉన్న కార్నెలిస్ అనే మిత్రుడి చిత్రాలు వీటికి ఆధారం. నాలుగింటిలోనూ గర్వంతో హద్దు దాటి పడిపోతున్న గ్రీకు పురాణ పురుషులు. మైనపు రెక్కలతో సూర్యుడి దగ్గరికి ఎగిరిన ఇకారస్. తండ్రి సూర్యుడి రథం తానే తోలుతానని పట్టుబట్టిన ఫేథన్. దేవతలను పరీక్షించబోయిన టాంటలస్. స్వర్గంలో అతిథిగా ఉండి దేవరాజు భార్యనే కోరిన ఇక్సియన్. ఈ చివరివాడి కథ వింటే మన నహుషుడు గుర్తుకొస్తాడు. ఇకారస్‌ను చూసి మా పిల్లలు సంపాతి అన్నారు. రెక్కలు కాలడం వరకు నిజమేగానీ సంపాతి తమ్ముడు జటాయువును కాపాడబోయి కాల్చుకున్నాడు, కాబట్టి ఆయన్ని ఈ జాబితాలో వెయ్యడానికి నేను ఒప్పుకోలేదు.

ఈ నాలుగు బొమ్మల్లో అద్దం లేదు, నెమలి లేదు. ఉన్నది పడిపోతున్న ఒక ఒళ్ళు. కాళ్ళు పైకి, చేతులు బారచాపి, కండలన్నీ బిగుసుకుని, గుండ్రటి చట్రంలోంచి మన మీదికే పడుతున్నట్టు ఉంటాడు మనిషి. పడేముందు వాడు ఎంత ఎత్తులో ఉన్నాడో, ఏమని గొప్పలు పోయాడో బొమ్మ చూపించదు. పట్టుకోవడానికి ఏమీ లేని క్షణం ఒక్కటే చూపిస్తుంది. విచిత్రం ఏమిటంటే ఆ పడిపోవడాన్ని చెక్కిన తీరులోనే చెక్కినవాడి గర్వం కనిపిస్తుంది. అంత కష్టమైన భంగిమలో శరీరాన్ని రాగి మీద చూపగలిగినవాళ్ళు అప్పుడు ఇంకెవరు అన్నట్టు ఉంటుంది.

గోల్ట్సియస్ తనకంటూ ఒక ముద్రావాక్యం పెట్టుకున్నాడు. బంగారం కంటే గౌరవం పైన అని దాని అర్థం. గోల్ట్ అంటే డచ్‌లో బంగారం, అది ఆయన ఇంటిపేరులోనే ఉంది. తన పేరు మీద తానే వేసుకున్న చమత్కారం. దానికి గీసిన బొమ్మలో బంగారు నాణేలు కింద ఉంటే, వాటి పైన రెక్కలున్న పసివాడి తల ఉంటుంది. ఆయనకు డబ్బు కావాలి, బాగానే సంపాదించాడు కూడా. ఏది పైన ఉండాలో మాత్రం ముందే గీసి పెట్టుకున్నాడు.

అయితే గౌరవం తనకు వస్తోందా, తన పేరుకు వస్తోందా? ముప్పై రెండేళ్ళు వచ్చేసరికి యూరప్ అంతా తెలిసిన పేరు. ఒకవైపు ఊపిరితిత్తుల జబ్బు, దగ్గితే రక్తం. 1590లో పని పక్కనపెట్టి, జర్మనీ మీదుగా ఇటలీ బయలుదేరాడు. మారుపేరు పెట్టుకున్నాడు. వెంట ఉన్న పనివాడిని యజమానిగా చూపించి తాను పనివాడిలా నడిచాడు. ఒకచోట అయితే చీజ్ అమ్ముకునే వ్యాపారినని చెప్పాడు. దారిలో తోటి కళాకారుల ఇళ్ళకు వెళ్ళి, తన బొమ్మల గురించి వాళ్ళు మొహమాటం లేకుండా చెప్పుకునే మాటలు ఒక మూల నిలబడి విన్నాడు. మెచ్చుకున్నవీ విన్నాడు, తిట్టినవీ విన్నాడు. ఇది చదివినప్పుడు పేరెంట్స్ మీటింగ్ రోజు గుర్తొచ్చింది నాకు. టీచర్ ఎదురుగా మాట్లాడేవి వేరు, కారిడార్‌లో మాట్లాడుకునేవి వేరు. కారిడార్‌లో చెవి వెయ్యడానికి నాకైతే ధైర్యం చాలదు.

1591 మొదట్లో రోమ్ చేరాడు. అప్పుడక్కడ ఘోరమైన కరువు. వీధుల్లో శవాలు పడి ఉంటే ఆ దుర్వాసన మధ్యే కూర్చుని పాత రోమన్ శిల్పాలు చూసి గీసుకున్నాడని వాన్ మాండర్ రాశాడు. దీన్ని పట్టుదల అనాలో, ఇంకేదైనా అనాలో నాకు తెలియదు. మెచ్చుకోవాలని ఉంది, మెచ్చుకోబుద్ధి కావడం లేదు.

తిరిగి వచ్చాక చేసిన పని ఇంకా సరదాగా ఉంటుంది. 1593, 1594లలో మేరీమాత జీవితం మీద ఆరు బొమ్మలు చెక్కాడు. ఒక్కొక్కటి ఒక్కో పాత మహానుభావుడి పద్ధతిలో ఉంటుంది. అందులో ఒకటి జర్మన్ మహా చిత్రకారుడు డ్యూరర్ శైలి. డ్యూరర్ 1528లోనే పోయాడు. గోల్ట్సియస్ ఆ బొమ్మ ప్రతులు కొన్ని తీసుకుని, తన సంతకమూ, బొమ్మలో ఒక మూల గీసుకున్న తన మొహమూ ఉన్న చోట కాల్చి తీసేశాడు. కాగితాన్ని పొగ పట్టించి, నలిపి, పాతబడినట్టు చేశాడు. అవి రోమ్, వెనిస్, ఆమ్‌స్టర్‌డామ్‌లలో అమ్మకానికి వచ్చాయి. పెద్ద పెద్ద పారఖీలు అది ఇంతకాలం ఎవరికీ తెలియని డ్యూరర్ బొమ్మ అని తేల్చేశారు. ఎక్కువ ధర పెట్టారు. గోల్ట్సియస్ లాంటివాడు జన్మలో ఇలా చెక్కలేడని కూడా అన్నారు. తర్వాత సంతకంతో ఉన్న అసలు ప్రతి వాళ్ళ ముందు పెట్టేసరికి ఎవరి నోటా మాట రాలేదు.

ఇది గౌరవమా, గర్వమా? మొదట చదివినప్పుడు ఎంత వినయం, పేరు తీసేసుకున్నాడు అనుకున్నాను. మళ్ళీ చదివితే, చివర్లో సంతకం చూపించడానికే ముందు చెరిపాడని తెలిసింది. మొహం కూడా గీసుకున్నాడు కదా. నా లెక్కలో మూడు వంతులు గౌరవం, ఒక వంతు గర్వం. స్టాఫ్ రూమ్‌లో ఈ లెక్క మీద ఏకాభిప్రాయం రాలేదు. ఆ ఆరు బొమ్మలను బవేరియా డ్యూక్‌కు అంకితమిస్తే ఆయన మెచ్చి ఇచ్చిన బహుమానం ఏమిటో తెలుసా? బంగారు గొలుసు.

1600 ప్రాంతంలో, నలభై దాటాక, తనను అంత ఎత్తుకు తెచ్చిన పనినే ఆపేశాడు. వ్యాపారం సవతి కొడుక్కు అప్పజెప్పి, నూనె రంగులతో చిత్రాలు వేయడం మొదటినుంచి నేర్చుకున్నాడు. రంగుల్లో ఆయనది మంచి స్థాయేగానీ, రాగి మీద ఉన్నంత ఎత్తు అక్కడ లేదు. అగ్రస్థానంలో ఉన్నవాడు వెళ్ళి మళ్ళీ వెనక బెంచీలో కూర్చోవడం అన్నమాట. పిల్లవాడికి వచ్చిన సబ్జెక్టే ఇంకో పదేళ్ళు రుద్దుతూ కూర్చునే మనం ఈ ముక్కను ఇంకోసారి చదువుకోవాలి, నాతో కలిపి.

ఒక చేదు సంగతి దాచడం నాకు ఇష్టం లేదు. బంగారం కంటే గౌరవం పైన అని రాసుకున్న ఈ మనిషే, యాభైకి దగ్గర పడుతున్న వయసులో, మామూలు లోహాన్ని బంగారం చేస్తానన్న ఒక రసవాదిని నమ్మి మోసపోయాడు. ఆ రోజుల్లో రసవాదాన్ని చదువుకున్నవాళ్ళు కూడా విద్యగానే చూసేవారు, రుడాల్ఫ్ చక్రవర్తికి కూడా అదే పిచ్చి. అయినా బంగారాన్ని బొమ్మలో అడుగున పెట్టినవాడికి ఇది ఎంత తలవంపో ఊహించవచ్చు. ఆయన చెక్కిన ఇకారస్‌ను చూసినవాళ్ళు ఊళ్ళో ఎంతమంది నవ్వుకున్నారో.

1617 జనవరి 1న హార్లెంలో చనిపోయాడు. సెయింట్ బావో చర్చిలో పూడ్చారు. రోమ్‌లో చూసి గీసుకున్న హెర్క్యులిస్ విగ్రహం బొమ్మ ఆయన పోయాక ఆ ఏడాదే బయటికి వచ్చింది. అందులో ఆ మహావీరుడు మనకు వెనక నుంచి కనిపిస్తాడు, విశాలమైన వీపు, వెనక్కి పెట్టుకున్న చెయ్యి. కింద ఇద్దరు మనుషులు తలలెత్తి అతని మొహం చూస్తుంటారు. ఆ మొహం మనకు కనబడదు.

క్లాసులో చివరగా చూపించింది మాత్రం 1588 నాటి ఇంకో బొమ్మ, పడిపోతున్న ఆ నలుగురిని చెక్కిన ఏడాదే కలంతో గీసింది. ఇప్పుడు హార్లెంలో టేలర్స్ మ్యూజియంలో ఉంది. కాగితం మీద ఒక కుడి చెయ్యి, అంతే. ఆయనదే అంటారు. నరాలు తేలి, వేళ్ళు వంగి, సాగదీసినా పూర్తిగా విప్పుకోనట్టు కనిపిస్తుంది. దాచుకోలేదు, జాలి పడమనీ అడగలేదు. రాగి మీద కండలకు వేసినంత శ్రద్ధతోనే ఒక్కో ముడతా గీశాడు. కింద తన పేరు రాసి సంవత్సరం వేశాడు.

గర్వం మంచిదా చెడ్డదా అని అడిగిన అమ్మాయి ఈసారి ఏమీ అడగలేదు. వేళ్ళు అలాగే వంచి పెన్ను పట్టుకుని తన పేరు రాయడానికి ప్రయత్నించింది. ఆమెను చూసి క్లాసంతా మొదలుపెట్టింది. బెల్లు కొట్టేదాకా ఒక్కరికీ సరిగ్గా రాలేదు.